క్రైస్తవులు యోగా చేయొచ్చా? నన్ను అడిగిన అక్కకి నేను చెప్పిన అబద్ధం



పతంజలి యోగ సూత్రాల మీద మనం చేస్తున్న వీడియోల్లో యమ నియమాల భాగం మీరు చూసే ఉంటారు. అందులో అహింస గురించి చాలాసేపు మాట్లాడాను. సత్యం దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల్లో దాటేశాను. టైమ్ సరిపోక కాదు. ఆ మాట గురించి మాట్లాడాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి. కెమెరా ముందు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం హైదరాబాద్‌లో మా టీమ్‌లో ఒక అక్క ఉండేవారు. వాళ్ళది గుంటూరు. తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి తప్పరు. మధ్యాహ్నం భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకునేవారు. ఆ నిమిషం మేమంతా బాక్సుల మూతలు తీయకుండా ఆగేవాళ్ళం. ఆమెకి నడుం నొప్పి. డాక్టర్ గారు మందులు రాసిచ్చి, "యోగా లాంటిది ఏదైనా మొదలుపెట్టమ్మా" అన్నారట. నేను అప్పటికే మా అపార్ట్‌మెంట్ పక్క వీధిలో ఒక మాస్టారి దగ్గరికి పొద్దున్నే క్లాసుకి వెళ్తున్నాను. ఒకరోజు లంచ్‌లో అడిగారు.

"తమ్ముడూ, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. అందులో మీ దేవుళ్ళకి పూజలు, మంత్రాలు లాంటివి ఏమైనా ఉంటాయా?"

"అబ్బే, అలాంటిదేం లేదక్కా. ఒట్టి ఎక్సర్‌సైజే. యోగాకి మతం లేదు."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఆ క్లాసు ఎలా మొదలవుతుందో నాకు తెలుసు. గోడ మీద పతంజలి పటం ఉంటుంది, నడుం కింద పాము శరీరంతో. ఆయన్ని ఆదిశేషుడి అవతారం అంటారు కదా. మాస్టారు ఆ పటానికి దీపం పెడతారు. అందరం మూడుసార్లు ఓంకారం చెప్పి, పతంజలికి ప్రార్థన చదువుతాం. సూర్య నమస్కారాల్లో సూర్యుడి పన్నెండు పేర్లు ఒక్కొక్కటే చదివిస్తారు. ఇవన్నీ తెలిసే "ఏం లేదు" అన్నాను. ఆమె నడుం నొప్పి తగ్గాలని అన్నాను, అది నిజమే. ఇంకోటి కూడా నిజం. ఒక క్రైస్తవురాలు మా క్లాసుకి వస్తే నాకు లోపల కాస్త గర్వంగా ఉండేది.

సోమవారం వచ్చారు. అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉంటే, ఆమె మాత్రం చేతులు కిందకి వదిలేసి, తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు. క్లాసు అయ్యాక ఏమీ అనలేదు. మధ్యాహ్నం లంచ్‌లో, మిగతావాళ్ళు లేచి వెళ్ళాక చెప్పారు.

"మంత్రాలున్నాయని నాకు బాధ లేదు తమ్ముడూ. మీది మీరు చేసుకుంటారు. నేను నిన్ను అడిగాను. నువ్వు లేదన్నావు."

నేను తగ్గలేదు. ఓం అనేది శబ్దం మాత్రమే అన్నాను. సూర్యుడు అందరికీ ఒక్కడే కదా అన్నాను. ఆమె విన్నారు. "మరి అంత మామూలు శబ్దమైతే రోజూ దాంతోనే ఎందుకు మొదలుపెడతారు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. మామూలు శబ్దం కాదు కాబట్టే కదా!

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ అబద్ధం నా ఒక్కడిదే కాదు. ఎవరైనా "అది మీ మతానిది" అంటే వెంటనే "కాదు కాదు, అది సైన్స్, ఆరోగ్యం, అందరిదీ" అంటాం. అదే ఏ దేశంలోనో ఎవరో యోగాకి వేరే పేరు పెట్టి అమ్ముకుంటున్నారని తెలిస్తే, "మా ఋషులు ఇచ్చింది దొంగిలించారు" అని స్టేటస్‌లు పెడతాం. ఒక మాట మీద నిలబడం. ఎదుటివాడు ఏమన్నాడో దాన్ని బట్టి మన మాట మారిపోతుంది.

ఈ తికమక ఒకసారి అమెరికాలో కోర్టు దాకా వెళ్ళింది. కాలిఫోర్నియాలో ఎన్సినిటాస్ అనే ఊరు. 2012లో అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకి యోగా క్లాసులు పెట్టారు. వాటికి 5,33,000 డాలర్ల గ్రాంట్ ఇచ్చింది కె.పి. జోయిస్ ఫౌండేషన్. మైసూరులో అష్టాంగ విన్యాస యోగం నేర్పిన పట్టాభి జోయిస్ గారి పేరు మీద ఉన్న సంస్థ అది. ఇద్దరు క్రైస్తవ తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. ప్రభుత్వ బడిలో మతం నేర్పకూడదు, ఇది హిందూ మతమే అని వాళ్ళ వాదన. 2013లో జడ్జి ఇచ్చిన తీర్పు వినండి. యోగాకి మూలాలు మతంలోనే ఉన్నాయి, కానీ ఈ బడిలో నేర్పుతున్నదాంట్లో మతం లేదు అన్నారు. 2015లో అప్పీల్ కోర్టు కూడా అదే ఖాయం చేసింది.

మొదటిసారి చదివినప్పుడు "యోగా గెలిచింది" అని సంబరపడ్డాను. ఎలా గెలిచిందో రెండోసారి చదివితే గానీ అర్థం కాలేదు. బడివాళ్ళు సంస్కృతం పేర్లు తీసేశారు. పద్మాసనం పేరు "క్రిస్-క్రాస్ యాపిల్‌సాస్" అయింది. అక్కడి చిన్నపిల్లలకి కాళ్ళు మడిచి కూర్చోమని చెప్పడానికి వాడే సరదా మాట అది, మనం "మఠం వేసుకుని కూర్చో" అన్నట్టు. (మన మాటలో కనీసం మఠమైనా మిగిలింది!) సూర్య నమస్కారాలు "ఓపెనింగ్ సీక్వెన్స్" అయ్యాయి. అందులో సూర్యుడూ లేడు, నమస్కారమూ లేదు. యోగంలో యోగం లేదని నిరూపించుకుని గెలిచిన కేసు అది.

అలబామా రాష్ట్రం కథ ఇంకా విచిత్రం. 1993లో అక్కడి ప్రభుత్వ బడుల్లో యోగాని నిషేధించారు. 2021లో ఆ నిషేధం ఎత్తేశారు, కానీ షరతులతో. ఆసనాలకి ఇంగ్లీషు పేర్లే ఉండాలి. మంత్రాలు, ముద్రలు కుదరవు. తల్లిదండ్రులు సంతకం చేసి ఒప్పుకోవాలి. "నమస్తే" అనకూడదు. మనం వాచ్‌మన్‌కీ, పాలవాడికీ చెప్పే నమస్తే! మొదట నవ్వొచ్చింది. తర్వాత అనిపించింది, ఎదురుగా ఉన్న మనిషిలో ఒక దైవం ఉందని ఆ మాటకి అర్థం ఉందనీ, అది ఒట్టి హలో కాదనీ ఆ చట్టం రాసినవాళ్ళు నమ్మారు. మనం నమ్ముతున్నామా?

2010లో ఆల్బర్ట్ మోహ్లర్ అని అమెరికాలో సదరన్ బాప్టిస్ట్ చర్చి పెద్ద సెమినరీకి అధ్యక్షుడు, క్రైస్తవులు యోగా చేయకూడదని రాశారు. యోగంలోని ఆధ్యాత్మిక భాగాన్ని శరీరం నుంచి విడదీయలేం అనేది ఆయన వాదన. దాదాపు అదే సమయంలో హిందూ అమెరికన్ ఫౌండేషన్ "టేక్ బ్యాక్ యోగా" అని ఒక ప్రచారం నడిపింది. యోగా చేయాలంటే మతం మారమని వాళ్ళు అడగలేదు. మూలాలు హిందూ ధర్మంలో ఉన్నాయని ఒప్పుకోండి, అంతే అన్నారు. మరోపక్క దీపక్ చోప్రా యోగం ఏ మతానిదీ కాదని వాళ్ళతో వాదించారు. చిత్రం చూడండి. యోగా వద్దన్న క్రైస్తవ పాస్టరూ, యోగా మాదే అన్న హిందూ సంస్థా ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. అది ఒట్టి వ్యాయామం కాదని.

ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగే సంగతి ఒకటి గుర్తొస్తోంది. తిరుపతి వెళ్ళొచ్చి లడ్డూ పంచుతాం. ఒక క్రైస్తవ స్నేహితుడు "వద్దురా" అంటాడు. మనకి చివుక్కుమంటుంది. "ఏముందిరా, స్వీటే కదా, తిను" అంటాం. ఒక్క క్షణం ఆలోచించండి. స్వీటే అయితే మనం రెండు చేతులతో ఎందుకు తీసుకుంటాం? చెప్పులు ఎందుకు విప్పుతాం? కళ్ళకద్దుకుని ఎందుకు నోట్లో వేసుకుంటాం? వద్దన్నవాడికి అది ప్రసాదం అని తెలుసు. దాన్ని మిఠాయి కొట్టు స్వీటు చేసింది మనమే. తిరుమల కొండ మీద దర్శనానికి వెళ్ళే అన్యమతస్థులు స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలనే నియమం ఉంది. యోగా మ్యాట్ దగ్గర అలాంటి ఫారం ఏదీ లేదు, ఉండాలని నేననను. కానీ ఫారం లేనిచోట నోటిమాటే ఫారం కదా. అక్క అడిగింది అదే.

సరే, మరి నిజం ఏమిటి? అక్క అడిగినప్పుడు నేను ఏం చెప్పి ఉండాల్సింది?

నిజం కొంచెం పొడుగుది. యోగ సూత్రాలు సుమారు రెండు వందలు. ఆసనం గురించి నేరుగా చెప్పేవి వాటిలో మూడే మూడు. స్థిరంగా, సుఖంగా కూర్చోవడం గురించి తప్ప త్రికోణాసనం గురించీ, శీర్షాసనం గురించీ పతంజలి ఏమీ చెప్పలేదు. ఈరోజు క్లాసుల్లో మనం చేసే నిలబడే ఆసనాల్లో చాలావాటికి ఇప్పుడున్న రూపం 1930లలో వచ్చింది. మైసూరు ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్యులు గారు, ఆ తర్వాత ఆయన శిష్యులు ఇచ్చిన రూపం. సూర్య నమస్కారాలని జనంలో వ్యాయామంగా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు భవాన్‌రావు పంత్ ప్రతినిధి, 1920లలో. కాబట్టి "నడుం వంచడం వేల ఏళ్ళ నాటి హిందూ రహస్యం" అని గొప్పలు పోవడమూ నిజం కాదు. కాళ్ళు, చేతులు, వెన్నెముక ఏ మతానివీ కావు.

కానీ పతంజలి రాసింది కాళ్ళూ చేతుల గురించి కాదు. ఆయన గమ్యం కైవల్యం. పురుషుడు, అంటే లోపల చూస్తున్నవాడు, ప్రకృతి నుంచి విడిపడి తన స్వరూపంలో నిలవడం. క్రైస్తవ విశ్వాసం వేరే చోటికి తీసుకెళ్తుంది. ఆత్మని దేవుడు సృష్టించాడు, మనిషి తన సాధనతో కాదు, యేసు కృపతో రక్షణ పొందుతాడు, చివరికి శరీరం కూడా తిరిగి లేస్తుంది అని వాళ్ళ నమ్మకం. దారులు కాసేపు పక్కపక్కనే నడవొచ్చు, కానీ వెళ్ళే ఊర్లు ఒకటి కావు. "అన్నీ ఒకటే" అని మనం అనేస్తే ఇద్దరినీ సరిగ్గా వినలేదన్నమాట.

ఈశ్వర ప్రణిధానం సంగతేమిటి అని మీరు అడగొచ్చు. పతంజలి చెప్పిన ఈశ్వరుడికి శివుడనో విష్ణువనో పేరు లేదు. మరి అక్కడ ఒక క్రైస్తవుడు తన దేవుణ్ణి పెట్టుకోకూడదా? కొందరు పెట్టుకున్నారు కూడా. జాన్ దెషానె అనే బెనెడిక్టైన్ సన్యాసి 1956లో ఫ్రెంచిలో పుస్తకం రాశారు, అది ఇంగ్లీషులో "క్రిస్టియన్ యోగా" పేరుతో వచ్చింది. తమిళనాడులో కావేరి ఒడ్డున ఇద్దరు ఫ్రెంచి ఫాదర్లు 1950లో శాంతివనం అనే ఆశ్రమం పెట్టారు. తర్వాత దాన్ని నడిపిన బీడ్ గ్రిఫిత్స్ ఇంగ్లాండు నుంచి వచ్చిన సన్యాసి. 1993లో పోయేదాకా కాషాయం కట్టుకుని యేసునే కొలిచారు. అయితే పతంజలి ఈశ్వరుడు క్లేశాలు అంటని ఒక విశేష పురుషుడు, పూర్వపు గురువులకి గురువు. లోకాన్ని సృష్టించిన తండ్రి అని ఆయన చెప్పలేదు. చొక్కా సరిపోయినట్టే ఉంటుంది కానీ భుజాల దగ్గర పట్టేస్తుంది.

అలాగని "క్రైస్తవులు ముట్టుకోకూడదు" అనే హక్కు మనకుందా? చరిత్ర చూస్తే లేదనిపిస్తుంది. జైన ఆచార్యుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే యోగశాస్త్రం రాశాడు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ పతంజలిని అరబిక్‌లోకి తీసుకెళ్ళాడు. 16వ శతాబ్దంలో గ్వాలియర్ సూఫీ గురువు మహమ్మద్ గౌస్ యోగ సాధన మీద పారశీకంలో "బహ్రుల్ హయాత్" రాశాడు. 1600 ప్రాంతంలో యువరాజు సలీం, అంటే తర్వాతి జహంగీర్, దానికి ఆసనాల బొమ్మలతో ఒక ప్రతి తయారు చేయించాడు. వాళ్ళెవరూ మతం మారలేదు. ఎక్కడి నుంచి తీసుకున్నారో దాచనూ లేదు.

క్రైస్తవుల్లో కూడా ఒకే జవాబు లేదు. 1989లో వాటికన్ నుంచి, తర్వాత పోప్ అయిన కార్డినల్ రాట్జింగర్ సంతకంతో, ఒక లేఖ వచ్చింది. తూర్పు దేశాల ధ్యాన పద్ధతుల్లో పనికొచ్చేవి తీసుకోవచ్చు గానీ జాగ్రత్త అని దాని సారాంశం. 2020 జూన్‌లో గ్రీసు ఆర్థడాక్స్ చర్చి మాత్రం యోగా తమ విశ్వాసానికి సరిపడదని తేల్చేసింది. ఇవన్నీ వాళ్ళింటి చర్చలు. మనం పక్కింటి కిటికీలోంచి తీర్పు చెప్పాల్సిన పని లేదు. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది యోగా చేశారు. వాళ్ళలో ఆదివారం చర్చికెళ్ళేవాళ్ళు లేరని ఎవరనగలరు?

నేను క్షమాపణ అడగడానికి వారం పట్టింది. ఈసారి క్యాంటీన్‌లో కాదు, కింద టీ బండి దగ్గర. అప్పుడు అక్క చెప్పిన సంగతి నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు అచ్చం ఇదే ప్రశ్న ఎదుర్కొన్నాడట. ఆ ఊరి గుళ్ళల్లో బలిచ్చిన మాంసం అంగడికి వచ్చేది. కొత్తగా క్రైస్తవులైనవాళ్ళు అది తినొచ్చా, తినకూడదా? పౌలు చెప్పినదాన్ని అక్క తన మాటల్లో ఇలా చెప్పారు. "అంగట్లో దొరికింది ఆరా తీయకుండా తిను, పర్లేదు. కానీ ఎవరైనా 'ఇది దేవుడికి పెట్టింది' అని చెప్తే మాత్రం తినొద్దు."

నేను ఊరుకోలేక, "మరి నన్ను అడక్కుండా ఉంటే సరిపోయేది కదక్కా" అన్నాను.

ఆమె నవ్వారు. "అడిగాను కదా. అడిగాక నిజం చెప్పడం నీ పని. మా తమ్ముడు వైజాగ్‌లో రోజూ యోగా చేస్తాడు. వాడి మనస్సాక్షి వాడిది. నా మనస్సాక్షిని నా చేతికి ఇవ్వకుండా నువ్వు పట్టుకున్నావు, అదీ నా బాధ."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అష్టాంగ యోగంలో మొదటి మెట్టు యమం, అందులో రెండోది సత్యం. మూడో మెట్టు ఆసనం. ఆమెని మూడో మెట్టు ఎక్కించడానికి నేను మొదటి మెట్టు విరగ్గొట్టాను.

మాస్టారికి జరిగింది చెప్తే ఆయన నన్నే కోప్పడ్డారు. "నన్ను అడగమని ఉంటే నేనే చెప్పేవాణ్ణి కదయ్యా. నేను ఓంకారం లేకుండా క్లాసు మొదలుపెట్టను. అది చెప్తాను. మంత్రం అనకుండా ఊరికే కూర్చోవచ్చు, అదీ చెప్తాను. రావాలా వద్దా అన్నది ఆవిడ చూసుకుంటుంది. దాచిపెట్టి పిలవడానికి ఇదేమన్నా చీటీల వ్యాపారమా?" ఆ తర్వాత క్లాసులో ఎవరు కొత్తగా చేరినా ఆయన ముందే కూర్చోబెట్టి, పటం ఎవరిది, మంత్రం ఏమిటి, ఏది ఆరోగ్యం కోసం, ఏది సాధన కోసం అని చెప్పడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు విని వెళ్ళిపోయారు కూడా. మాస్టారు ఏమీ అనుకోలేదు.

అక్క మళ్ళీ క్లాసుకి రాలేదు. ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో చేరారు. రెండు నెలల తర్వాత ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. బోర్లా పడుకుని, చేతులు నేలకి ఆనించి, ఛాతీ పైకెత్తే ఎక్సర్‌సైజు.

"ఇది మీదే కదా తమ్ముడూ?"

ఈసారి తొందరపడలేదు. "ఆకారం మా భుజంగాసనానిదే అక్కా. మంత్రం ఏమీ లేదు. భుజంగం అంటే పాము. అయితే ఘేరండ సంహిత అని పాత హఠయోగ గ్రంథం ఒకటి ఉంది. అందులో ఈ ఆసనంతో కుండలిని శక్తి లేస్తుందని రాశారు. ఫిజియోథెరపీ వాళ్ళు అందుకోసం చెప్పరు, వెన్ను కోసం చెప్తారు. ఇంతే నాకు తెలిసింది."

ఆమె కాసేపు ఫోన్ వంకే చూశారు.

"డాక్టరమ్మ చెప్పింది, ఇది నైవేద్యం కాదులే" అన్నారు. తర్వాత నవ్వేసి, "మీ కుండలిని సంగతేమో గానీ, ముందు కుర్చీలోంచి నేను లేస్తే చాలు" అంటూ నడుం మీద చెయ్యి వేసుకుని లేచి మీటింగ్‌కి వెళ్ళారు.